వేగం పెంచిన గొంతు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "ఆంటీ, ఏ మెషీన్ కొనాలి?" అని. ఏదైనా కొనుక్కోండి. పాత టేపుల్లోంచి శబ్దం బయటికి తీసే పనికి కావలసింది రెండు చెవులు, కాస్త భయం. భయం లేనివాళ్ళు దయచేసి ఇటు రావద్దు. అలాంటివాళ్ళు పాడుచేసిన టేపులు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. కొన్నిటిని చూస్తే ఏడుపొచ్చింది, కొన్నిటిని చూస్తే చెయ్యెత్తి కొట్టబుద్ధేసింది.

నేను సింగపూర్‌లో బూన్ లే దగ్గర ఒక ఫ్యాక్టరీ బిల్డింగులో ఉన్న రికార్డింగ్ స్టూడియోలో పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న సెంబవాంగ్ షిప్‌యార్డులో వెల్డరు. "ఆడపిల్లకి వైర్లతో పనేమిటే" అని మా అమ్మ గోల పెడితే, "షాక్ కొడితే దానికే తెలుస్తుందిలే" అన్నాడాయన. అదే నాకు దొరికిన ఆశీర్వాదం. స్టూడియో వాళ్ళు పాత టేపు మెషీన్ని పారేస్తామంటే నా ఫ్లాటుకి తెచ్చుకున్నాను. మా ఆయన దాన్ని చూసి, "మంచమో, ఇదో, గదిలో ఒకటే పడుతుంది" అన్నాడు. మంచం హాల్లోకి వెళ్ళింది.

ప్రమోషన్ల గురించి రాయను. అవి నాకే గుర్తులేవు. ఒక్క టేపు గురించి రాస్తాను. అది రిటైరయ్యాక వచ్చింది. అప్పటిదాకా నేర్చుకున్నదంతా అందులో పరీక్షకొచ్చింది.

మిస్టర్ టాన్ కేకలు

దానికి ముందు నా మొదటి బాసు మిస్టర్ టాన్ గురించి కొంచెం చెప్పాలి. నోరు మంచిది కాదు, చెవులు మాత్రం బంగారం. చికెన్ రైస్ పొట్లం విప్పుకుని తింటూనే, పక్కగదిలో తిరుగుతున్న టేపు వేగం తగ్గిందని కేకేసేవాడు. తప్పు మాదైతే అందరి ముందూ కడిగేసేవాడు, తనదైతే సిగరెట్టుకి బయటికి పోయేవాడు. అలాంటి బాసు కింద పని బాగానే వస్తుంది, కడుపులో మంట కూడా వస్తుంది. మీరు బాసులైతే ఆయన చెవులు తెచ్చుకోండి, నోరు వద్దు.

ఆయన రెండు సంగతులు పదే పదే చెప్పేవాడు. ఒకటి, పాట అయిపోయిందని టేపు ఆపకూడదు, చివరిదాకా వినాలి. రెండోది, టేపు తెచ్చినవాడు ఏమంటున్నాడో కాదు, అనేటప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో చూడాలి. "నోరు మర్యాదగా ఉంటుంది రాజీ, చేతులు ఉండవు" అనేవాడు. చైనీస్ మనిషి మన మొహమాటాన్ని ఎక్కడ పట్టుకున్నాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ముగ్గురు వచ్చారు

ఒక శనివారం పొద్దున్న ముగ్గురు మా ఇంటికొచ్చారు. స్వాతి అనే అమ్మాయి, జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో ఇంజినీరు. ఆమె తల్లి కల్యాణి, నాకంటే కాస్త చిన్నది. వాళ్ళతో మార్టిన్ అనే ఇంగ్లీషాయన. ఆయన భార్యది సింగపూరే కావడంతో ఇక్కడే స్థిరపడి, స్కూల్లో సంగీతం చెబుతున్నాడు. గుడ్డసంచిలో ఒక టేపు డబ్బాని పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాడు.

స్వాతి ముందుగా ఫోన్లో ఒక పాట వినిపించింది. మార్టిన్ కుర్రతనంలో బ్రిటన్‌లో చేసిన డాన్సు రికార్డు. బ్రేక్‌బీట్ అంటారు. ఎవరో వాయించిన డ్రమ్స్‌లోంచి ముక్కలు కోసి, మళ్ళీ మళ్ళీ అతికించి, వేగం పెంచి దంచుతారు. కాళ్ళు వాటంతటవే కదులుతాయి, ఈ వయసులో నావీ కదిలాయి. పాట మధ్యలో డ్రమ్స్ ఒక్కసారి ఆగిపోతాయి. సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఒక రాగం తేలుతుంది. మాటలేమీ ఉండవు. ఆ వెంటనే డ్రమ్స్ మళ్ళీ మీదపడతాయి.

"ఆ వాయిస్ అమ్మదే ఆంటీ," అంది స్వాతి. "స్పీడ్ పెంచేశారు. నా జిమ్ ప్లేలిస్టులో వస్తే అమ్మ విని, దిస్ ఈజ్ మీ అంది. ఐ థాట్ షీ వజ్ జోకింగ్ లా," అని ఇక్కడి పిల్లల తీరులో చివర ఒక లా తగిలించింది. రికార్డు మీది పేరు పట్టుకుని వెతికితే మార్టిన్ ఈ ఊళ్ళోనే దొరికాడట.

కల్యాణి నవ్వింది. నవ్వు కనబడింది కానీ వినబడలేదు. నర్సు చదువుకి బ్రిటన్ వెళ్ళినప్పుడు ఆమె అద్దెకున్న ఇంట్లోనే మార్టిన్, అతని స్నేహితులు ఉండేవారట. ఏదైనా పాడమంటే పాడిందట. తిరిగొచ్చి పెళ్ళి చేసుకుంది. స్వాతి పుట్టిన కొన్నాళ్ళకే థైరాయిడ్ ఆపరేషన్‌లో గొంతు నరాలు దెబ్బతిన్నాయి. అప్పట్నుంచీ ఊపిరితో గుసగుసగా మాట్లాడుతుంది. చెవి దగ్గర పెట్టి వినాలి.

"పాత కేసెట్లేమీ లేవా?" అని అడిగాను.

"ఫోటోలున్నాయండీ," అంది గుసగుసగా. "గొంతులు దాచుకోవాలని అప్పుడెవరికి తెలుసు?"

అంటే స్వాతి ఇన్నేళ్ళ వయసులో తల్లి అసలు గొంతు ఒక్కసారి కూడా వినలేదు. ఫోన్లోది నకలుకి నకలు; ఈ లోకంలో అది కాస్త సరిగ్గా మిగిలింది మార్టిన్ ఒళ్ళోని డబ్బాలోనే, అదీ వేగం పెంచిన రూపంలో. మార్టిన్‌కి ఆ పాటని శుభ్రంగా మళ్ళీ విడుదల చేయాలని ఉంది. స్వాతికి అమ్మ గొంతు కావాలి. ఇద్దరికీ ఉన్నది ఒక్కటే టేపు.

డబ్బా తెరవగానే పాత మైనం వాసన కొట్టింది. ఈ ఊరి చెమ్మకి టేపు మీది పూత బంకయిపోయింది. అలాగే మెషీన్లో పెడితే పూతంతా ఊడి చేతికొస్తుంది.

వడియాల పెట్టె

అలాంటి టేపుని సన్నని వేడిలో ఆరబెట్టాలి. నేను వాడేది పండ్లు ఎండబెట్టే పెట్టె. ఎదురింటి చైనీసు ఆంటీ అది చూసినప్పుడల్లా, నేను వడియాలు పెడుతున్నానని గిన్నె పట్టుకుని వస్తుంది. వేడి ఎక్కువైతే టేపు వంకర తిరుగుతుంది, తక్కువైతే బంక వదలదు. ఆరిన టేపు కొన్నాళ్ళే ఆడుతుంది. ఈ టేపు అంచులు అప్పటికే చిరుగుతున్నాయి. ఎన్నిసార్లు ఆడుతుందో దేవుడికే తెలియాలి.

మర్నాడు ముగ్గురూ మళ్ళీ వచ్చారు. టేపు ఎక్కించి మీట నొక్కాను. తిరుగుతూనే కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఈ అరుపు మీరు విన్నారంటే పూత ఊడుతోందని అర్థం. మార్టిన్ కుర్చీ అంచు పట్టుకున్నాడు. డ్రమ్స్ వచ్చాయి, ఆగాయి, రాగం వచ్చింది, పోయింది. "అంతే, తర్వాతేమీ లేదు, ఆపండి, ఆపేయండి!" అని మార్టిన్ ఇంగ్లీషులో అరిచాడు. మెషీన్ అరుపు ఒకవైపు, ఆయన అరుపు ఒకవైపు. ఆపేశాను. చక్రం మీద ఇంకా టేపు మిగిలే ఉంది.

పాట అయితే కంప్యూటర్లోకి వచ్చింది. ఇక వేగం సంగతి. ఎంత పెంచారో మార్టిన్‌కి గుర్తులేదు. దీనికి మాకొక చిట్కా ఉంది. గోడలోంచి వచ్చే కరెంటుకి సన్నని రొద ఉంటుంది. చెవికి ఆనదు కానీ రికార్డింగులోకి దూరుతుంది. బ్రిటన్‌లోనైనా ఇక్కడైనా దాని స్థాయి ఒక్కటే. టేపు వేగం పెరిగితే రొద కూడా పైకి పోతుంది. ఆ రొదని దాని అసలు స్థాయికి దించితే గొంతు కూడా దానంతటదే దిగాలి. దించాను. చిన్నపిల్ల గొంతు పోయి వయసొచ్చిన ఆడపిల్ల గొంతు వచ్చింది.

స్వాతి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. నాక్కూడా కళ్ళు తడిశాయి. కల్యాణి కూతురి వీపు నిమురుతూ, "బాగుంది. చాలా బాగుందండీ" అంది.

అప్పుడు ఆమె రెండో చెయ్యి చూశాను. ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు జిప్పు తీస్తోంది, వేస్తోంది, తీస్తోంది, వేస్తోంది.

బాగుంది అన్న మాట

అక్కడితో వదిలేయవచ్చు. అందరూ సంతోషంగా ఉన్నారు. మార్టిన్ డబ్బాతో పాటు తన పాట మోసుకుని కిందికి వెళ్ళిపోయాడు కూడా. స్వాతి గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. అడిగితే ఆ పిల్ల సంతోషం మీద నీళ్ళు పోసినట్టే. అడగకపోతే ఆ పిల్ల జన్మంతా ఎవరి గొంతో పట్టుకుని మా అమ్మది అనుకుంటుంది.

"కల్యాణి గారూ," అన్నాను, "నిజం చెప్పండి. అది మీరేనా?"

ఆమె కూతురి వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏమోనండీ. మా చిన్నాడపడుచు గొంతులా ఉంది. నాది అంత సన్నం కాదు."

స్వాతి చేతిలో బూటు అలాగే ఆగిపోయింది. "అమ్మా! వాట్ ఆర్ యూ సేయింగ్? బాగుందన్నావు కదా!"

"నువ్వేడుస్తున్నావు. ఏమని చెప్పను?"

"సో ఐ క్రైడ్ ఫర్ హూ? అత్త కోసమా?"

నవ్వొచ్చే మాటే, కానీ ఎవరం నవ్వలేదు. ఆ తల్లి కూతురి కోసం తన గొంతునే వదులుకోవడానికి సిద్ధపడింది. మొహమాటం మనవాళ్ళ రక్తంలో ఉందంటే ఇదే. మీ దగ్గరికి మన మనిషి ఎవరైనా వచ్చి "బాగుంది" అన్నారంటే మీ పని అప్పుడే మొదలైందనుకోండి.

అయినా నాకు అనుమానం తీరలేదు. ఎవరి గొంతు వాళ్ళకి లోపలినుంచి లావుగా వినబడుతుంది. రికార్డు చేసి వినిపిస్తే ప్రతివాళ్ళూ ఇది నేను కాదంటారు. ఈమెదీ అదేనా? రొద తప్పు చెప్పదు. మరి మనిషి కాదంటోంది. ఎవరిని నమ్మాలి? నేనైతే రొదని నమ్మి పప్పులో కాలేశానా అని ఒకటే బెంగ.

తేల్చగలిగేది ఏదైనా ఉంటే అది చక్రం మీద మిగిలిన టేపులోనే ఉండాలి. స్వాతి ఫోన్ చేసి మార్టిన్‌ని వెనక్కి పిలిచింది. ఆయన విని తల అడ్డంగా తిప్పాడు. "అక్కడేమీ లేదు. మళ్ళీ ఆడిస్తే తెగిపోతుంది. మీరే కదా అన్నారు అంచులు చిరుగుతున్నాయని. నా యవ్వనంలో మిగిలింది ఈ ఒక్క టేపే."

ఆయన మాట తప్పని అనలేను. టేపు ఆయనది. స్వాతి ఏదో అనబోతే ఆపాను. అప్పుడు కల్యాణి లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, చెవి దగ్గర ఇంగ్లీషులోనే చెప్పింది, "అందులో నా యవ్వనం కూడా ఉంది మార్టిన్."

ఆయన డబ్బా మూత ఒకసారి నిమిరాడు. తర్వాత డబ్బాని నా వైపు జరిపాడు.

మిగిలిన టేపు

మళ్ళీ ఆరబెట్టాను. ఈసారి వేడి ఇంకా తగ్గించి, పెట్టె పక్కనే కూర్చున్నాను. వంట మా ఆయనే చేశాడు. ఉప్పెక్కువైందని కూడా అనలేదు నేను, అంత బెంగ.

మీట నొక్కాను. అరుపు ముందుకంటే ఎక్కువగా ఉంది. చక్రం బిగుసుకుపోతుంటే అరచేత్తో మెల్లగా తిప్పుతూ సాయం పట్టాను. ఉత్త బుసబుస. ఇంకా బుసబుస. మెషీన్ కింద గోధుమరంగు పొడి రాలుతోంది. "చెప్పాను కదా, ఏమీ లేదు," అన్నాడు మార్టిన్. స్వాతి నా భుజం పట్టుకుంది. ఆ పట్టుకి నొప్పి పుట్టింది కానీ వదలమనలేదు. మెషీన్ అరుపు పెరుగుతోంది. ఆపేయాలి, ఆపేయాలి అని చెయ్యి లాగుతోంది. ఆపలేదు.

ఉన్నట్టుండి గరిటె గిన్నెకి తగిలిన చప్పుడు. వెంటనే గబగబా పిచ్చుక కూసినట్టు తెలుగు మాటలు: "ఇంక చాలు నాయనా! అన్నం చల్లారిపోతోంది. ఎన్నిసార్లు పిలవాలి? లేచి రండి!"

మరుక్షణం టేపు తెగింది. తోక చక్రం చుట్టూ టపటపా కొట్టుకుంది. పాట ఉన్న భాగానికి ఏమీ కాలేదని చేత్తో పట్టుకుని చూపించేదాకా మార్టిన్ ఊపిరి పీల్చుకోలేదు.

పీల్చుకున్నాక అన్నాడు, "వంటిల్లు! ఆ గరిటె చప్పుడు... ఇప్పుడు గుర్తొచ్చింది. మేం తనని వంటింట్లో బ్యాటరీల కేసెట్ రికార్డర్‌తో పట్టుకున్నాం. విసుగొస్తే మమ్మల్ని తెలుగులోనే తిట్టేది. తర్వాత దాన్ని ఈ టేపుకి ఎక్కించాం. ఎక్కించేటప్పుడు కేసెట్టు వేగం కూడా పెంచే ఉంటాం."

అదీ సంగతి. వేగం రెండుసార్లు పెరిగింది, ఒకసారి కేసెట్టుది, తర్వాత ఈ టేపుది. బ్యాటరీలకి రొద ఎక్కడిది? నాకు దొరికిన రొద ఈ టేపుకి ఎక్కించినప్పుడు దూరింది, దాని తర్వాత పెరిగిన వేగాన్నే చూపించింది. నేను సగమే దించాను. మీటర్లో కనబడేది అబద్ధం కాదు పిల్లలూ, అది ఏ గదిలో పుట్టిందో అడగకపోవడమే మన తెలివితక్కువతనం.

ఇప్పుడు ఇంకా దించాలి. ఎంతవరకు? దానికి రొద లేదు, గుర్తు లేదు. కల్యాణిని పక్కన కూర్చోబెట్టుకుని, కంప్యూటర్లోకి ఎక్కిన ఆ మాటలే మళ్ళీ మళ్ళీ వినిపిస్తూ కొంచెం కొంచెం దించాను. ఇక్కడా? "ఏమో." ఇక్కడా? "ఏమోనండీ." కాసేపటికి ఆమె కళ్ళ నీళ్ళు జారాయి. "నా గొంతు నాకే గుర్తులేదండీ," అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని గొంతులు బాగుచేశానో, ఒక మనిషికి తన గొంతు తనకి చూపించలేకపోయాను. ఇక వదిలేద్దామని మీట మీంచి చెయ్యి తీశాను.

"ఆంటీ, ఆపకండి." వెనకనుంచి స్వాతి. కళ్ళు మూసుకుని ఉంది. "మళ్ళీ ప్లే చెయ్యండి. స్లో... ఇంకా స్లో. టూ మచ్. కొంచెం పైకి. దేర్. స్టాప్."

"నీకెలా తెలుసే?"

"ఎవ్రీ డే నా డోర్ దగ్గర నిలబడి ఇదే తిట్టు, ఆంటీ. సౌండ్ ఉండదు, బట్ ఇదే స్పీడ్. 'ఎన్నిసార్లు' అన్నాక చిన్నగా ఆగుతుంది, బ్రీత్ తీసుకుంటుంది, దెన్ 'పిలవాలి'. ఇదే. షూర్."

కల్యాణిని ఆ రికార్డింగుతో పాటు ఆ మాటలు అనమన్నాను. సిగ్గుపడుతూనే అంది. ఆమె పెదాలు, ఆ గొంతు ఒక్కచోట కూడా తప్పలేదు. "ఎన్నిసార్లు" దగ్గర ఇద్దరూ కలిసి ఆగారు, కలిసి ఊపిరి తీశారు, కలిసి ముందుకి పోయారు. అదే వేగంలో రాగం వినిపించాను. నిండుగా, కాస్త బరువుగా, తాపీగా నడిచే గొంతు. చిన్నాడపడుచుది కాదు. కల్యాణి మెడ మీద చెయ్యి పెట్టుకుని విన్నది. ఈసారి బాగుంది అనలేదు. జిప్పు జోలికి పోలేదు. మార్టిన్ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"పాట తర్వాత వింటాను," అంది స్వాతి. "ఆ తిట్టు ఇంకొక్కసారి, ప్లీజ్."

పెట్టాను. స్పీకర్ల నిండా కల్యాణి గొంతు, గట్టిగా, విసుగ్గా, ఆకలేసినవాళ్ళ మీద ఉండే ప్రేమతో: "అన్నం చల్లారిపోతోంది. ఎన్నిసార్లు పిలవాలి? లేచి రండి!"

"వస్తున్నానమ్మా," అంది స్వాతి, గబుక్కున కుర్చీలోంచి లేచి నిలబడి.